నాయన గడ్డం

మా నాయనకు కుడివైపు పడిపోయిన పదకొండో రోజు, ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్న రెండో రోజు, పొద్దున్నే నన్ను పిలిచి ఎడమచేత్తో చెంప నిమిరి చూపించినాడు. మాట ఇంకా సరిగ్గా తిరగడం లేదు. "గడ్డం" అన్నాడు.

నేను తేలిగ్గానే తీసుకున్నాను. కళ్యాణదుర్గంలో మేముండే వీధి మొదట్లోనే సెలూన్ ఉంది. ఆ పిల్లవానికి ఫోన్ చేస్తే ఇంటికొచ్చి చేసిపోతాడు. అదే చెప్పినాను. నాయన తల అడ్డంగా ఊపినాడు. నేను వాడే ప్లాస్టిక్ రేజర్ తెచ్చి చూపించినాను. దానికీ తల ఊపినాడు. మంచం కింద ఉన్న రేకుపెట్టె వైపు వేలు చూపించినాడు. అందులో ఏముందో నాకు తెలుసు. పాత పంచెగుడ్డలో చుట్టిన కత్తి. ఆముదం మరకలతో ఆ గుడ్డ ఎప్పుడూ జిడ్డుగా ఉంటుంది.

"నువ్వు గీకు" అన్నాడు.

నాకు నలభై నాలుగేళ్ళు. ఇరవై ఏళ్ళకు పైగా పిల్లల వేలు పట్టుకొని అక్షరాలు దిద్దిస్తున్నాను. ఆ కత్తిని మాత్రం ఒక్కసారి కూడా తెరిచి పట్టుకోలేదు. చిన్నప్పుడు ముట్టుకుంటే కొట్టేవాడు. పెద్దయినాక ముట్టుకోవాలని నాకే అనిపించలేదు.

నాయన జీవితంలో ఒక్కసారి కూడా మంగలి అంగట్లో కూర్చోలేదు. మొదట కూర్చోనివ్వలేదు, తర్వాత కూర్చోమన్నా ఆయన కూర్చోలేదు. ఈ పుస్తకం చదివే మనవాళ్ళలో చాలామందికి ఇంతకు మించి చెప్పనక్కర్లేదు. అయినా మా పిల్లల కోసం రాస్తాను, వాళ్ళకు తెలీదు.

మాది కళ్యాణదుర్గానికి దూరం గాని పల్లె. ఊరికి పడమట, వంక అవతల, మా ఎరుకలోళ్ళ గుడిసెలు పది పన్నెండు ఉండేవి. ఈతబరికెలతో గంపలు, బుట్టలు, కోళ్ళ గూళ్ళు అల్లేవాళ్ళు. పందులు మేపేవాళ్ళు. మేము అల్లిన గంప లేకపోతే చెనిక్కాయ చేను నుంచి ఇంటికి చేరదు. ఆ గంపను నీళ్ళు చల్లి లోపలికి తీసుకుంటారు. అల్లినోన్ని వాకిట్లోనే నిలబెడతారు. ఊళ్ళో క్షౌరం చేసే పెద్దాయన మా గుడిసెల వైపు వచ్చేవాడు కాదు. ఆ కులాన్ని పాత పేరుతో పిలవగూడదని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది, మంచి పని చేసింది. నాయన మాటల్లో మాత్రం ఆ పేరే ఉంటుంది. నేను ఇక్కడ ఆయన్ను పెద్దాయన అనే రాస్తాను.

అందుకని మావాళ్ళు గడ్డాలు, వెంట్రుకలు ఒకరికొకరు చేసుకునేవాళ్ళు. బరికెలు చీల్చే కత్తినే బాగా నూరి వాడేవాళ్ళు. 1970 ప్రాంతంలో నాయన పెండ్లి. పెండ్లికొడుక్కు గడ్డం తీయాలి గదా. నాయన మేనమామ తెల్లారుజామున దీపం పెట్టుకొని బరికెల కత్తితో మొదలుపెట్టినాడు. ఎడమ దవడ కింద, చెవి తమ్మె దగ్గర నుంచి రెండువేళ్ళ పొడవున కత్తి జారింది. పసుపు అద్ది, గుడ్డ కట్టి, ఆ కట్టుతోనే పీటల మీద కూర్చోబెట్టినారు. మా జేజి ఈ కథ నవ్వుతా చెప్పేది. "మీ యమ్మ మొగుని మొగం చూడకముందే కట్టు చూసింది" అనేది. నాయన మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అక్కడ వెంట్రుక మొలవదు.

పెండ్లయిన కొన్నాళ్ళకు ఒక రాత్రి ఆ పెద్దాయనే వంక దగ్గరికి వచ్చి నాయనను పిలిపించినాడంట. పెండ్లికొడుకు కట్టు సంగతి ఊళ్ళో అందరూ చెప్పుకొని నవ్వినారు, ఆయనా విన్నాడు. ఆయన బతుకు రైతులు ఏటా కళ్ళంలో కొలిచే మేర గింజల మీద ఉంది. ఎరుకలోని మొగం మీద పెట్టిన కత్తి మా మొగాల మీద పెట్టొద్దు అని ఊరంటే ఆ ఏడు ఆయన పిల్లలకు సంగటి లేదు. అందుకే మమ్మల్ని ముట్టలేదు. ఆ రాత్రి తన పొదిలో నుంచి ఒక పాత కత్తి తీసి నాయన చేతిలో పెట్టినాడు. నూరీ నూరీ సగం వెడల్పుకు అరిగిన కత్తి. పిడి దగ్గర చీల ఊడిపోతే రాగితీగ చుట్టి బిగించి ఉంది. బదులుగా ఒక కోళ్ళగంప అడిగినాడు. మూడు రాత్రులు వంకలో బండ మీద కూర్చోబెట్టి ఎట్లా పట్టుకోవాలో, ఎట్లా నూరాలో చెప్పినాడు. చెప్పినాడే గాని ముట్టుకోలేదు. ఎదురుగా కూర్చొని తన గడ్డం మీద తాను చేసి చూపిస్తే, నాయన చూసి చేసుకున్నాడు.

ఆ కత్తి మా ఇంట్లో ఉండడం కూడా సులువు కాలేదు. తెల్లదొరల కాలంలో, 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో మా ఎరుకలోళ్ళను కూడా ఆ పట్టీలో ఎక్కించినారు. పుట్టిన బిడ్డ మీద కూడా దొంగ అనే ముద్ర. మా తాత వేలిముద్రలు వేసి, రాత్రిపూట హాజరు చెప్పుకొని బతికినోడు. స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు ఎందుకు పుట్టినాయో మనకందరికీ తెలుసు. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది, అనుమానం పోలేదు. చుట్టుపక్కల ఏ ఊళ్ళో కన్నం పడినా పోలీసులు మా గుడిసెల్లోకి వచ్చేవాళ్ళు. మడత కత్తి పెద్దాయన పొదిలో ఉంటే పనిముట్టు, మా గుడిసెలో దొరికితే కేసు. అందుకని నాయన దాన్ని ఇంట్లో పెట్టేవాడు కాదు. సగం అల్లిన గంప అడుగున, బరికెల చెత్తలో పెట్టేవాడు. వారానికొకసారి తీసి, తెల్లారకముందే వంకలో చెలమ దగ్గర కూర్చొని గీక్కొని, మళ్ళీ దాచేవాడు. మా అమ్మ ఎన్నోసార్లు పారేయమనింది.

కత్తి మొదట్లో, పిడికి దగ్గరగా, ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. నేను గిరిజన ఆశ్రమ పాఠశాలలో ఆరో తరగతికి వచ్చినప్పుడు ఒక సెలవుల్లో నాయన దాన్ని నా ముందర పెట్టి, మూసే ఉంచి, చదవమన్నాడు. అరిగిపోయిన అక్షరాలు. కూడబలుక్కొని "సోలింజన్" అని చదివినాను. అంటే ఏమిరా అన్నాడు. తెలీదన్నాను. "ఇంతకాలం వాడినా, పేరు తెలీకపాయె" అన్నాడు. చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, సోలింగెన్ జర్మనీలో ఒక ఊరని, వందల ఏళ్ళుగా కత్తులకు పేరు మోసిన ఊరని. అంత దూరం నుంచి ఓడలో వచ్చిన కత్తి ఎన్ని చేతులు మారి మా వంకకు చేరిందో. అట్లాంటి కత్తుల కాలం ఆ దేశాల్లో ఎప్పుడో అయిపోయింది. అమెరికాలో జిల్లెట్ అనే ఆయన 1904లో, పారేసే బ్లేడు పెట్టుకునే రేజర్‌కు పేటెంటు తీసుకున్నాడు. మా నాయన పుట్టకముందు సంగతి.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి, ఎవరికీ చెప్పలేదు. బుక్కపట్నం డైట్‌లో టీచర్ ట్రైనింగ్ చదివేటప్పుడు మొదటిసారి సెలూన్‌లో కూర్చున్నాను. ఎత్తు కుర్చీ, ఎదురుగా అద్దం, వెనకాల ఇంకో అద్దం. గొంతు చుట్టూ తెల్లగుడ్డ కట్టినాక ఆయన మామూలుగానే అడిగినాడు, "యా ఊరప్పా, ఎవరోళ్ళు?" అని. గుడ్డ కట్టేసి ఉంది, తల వెనక్కి వంచి ఉంది, గొంతు మీద బ్లేడు ఉంది. నేను వేరే కులం పేరు చెప్పినాను. ఆయన ఊఁ అని తన పని చేసుకున్నాడు. నిజం చెప్పినా ఊఁ అనేవాడేమో. అది తెలుసుకునే ధైర్యం నాకు లేకపోయింది. తర్వాత సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు నాయన నా చెంప చూసి, "బాగా చేసినాడే" అన్నాడు. ఎవరు, ఎక్కడ అని అడగలేదు.

సరే, కత్తి దగ్గరికి వస్తాను. నాయనకు ఎవరు నేర్పాలి నాకని అడిగినాను. ఆయన మెల్లగా కూడబలికి చెప్పినాడు. ఆ పెద్దాయన కొడుకు కళ్యాణదుర్గంలోనే ఉన్నాడంట. మేర గింజలు ఆగిపోయినాక, కరువుకు ఊరు వదిలి వచ్చి అంగడి పెట్టుకున్నాడు. ఇప్పుడు కొడుకులు నడుపుతున్నారు. నాయనకు ఇన్నేళ్ళూ ఈ సంగతి తెలుసు. ఆ అంగడి ముందర నుంచి ఎన్నిసార్లు నడిచిపోయినాడో.

ఆయనకు డెబ్బై దాటినాయి. అంగడి బయట బెంచీ మీద కూర్చొని ఉంటే పోయి, మామా అని పలకరించి, గుడ్డ విప్పి చూపించినాను. కళ్ళద్దాలు సర్దుకొని కత్తిని అటూఇటూ తిప్పినాడు. రాగితీగ దగ్గర వేలు ఆగింది.

"ఇది యాడిది అయ్యవారా?"

చెప్పినాను. చాలాసేపు మాట్లాడలేదు. "మా నాయన ఇది బావిలో పడిందని చెప్పినాడు. మాయమ్మ నెల దినాలు తిట్టింది" అన్నాడు.

వెనక్కి అడుగుతాడేమోనని భయపడినాను. నిజానికి అడిగే హక్కు ఉందేమో కూడా. కోళ్ళగంప ఎన్నాళ్ళు వస్తుంది, కత్తి యాభై ఏళ్ళు వచ్చింది. ఆయన కత్తి మూసి నా చేతిలో పెట్టి, "తుప్పు పట్టింది. మంగళవారం రాండి" అన్నాడు.

మంగళవారం సెలూన్లకు సెలవు. అంగడి తలుపు సగం దించి, ఆయనా నేనూ నాలుగు మంగళవారాలు కూర్చున్నాము. మొదటివారం అంతా నూరడమే. సానరాయి మీద నీళ్ళు చల్లి, కత్తిని పడుకోబెట్టాలి. వెన్నూ అంచూ రెండూ రాయికి ఆనాలి. వెన్ను ఎత్తితే అంచు విరుగుతుంది. అంచు ముందుగా నెట్టాలి, చివరికి పోయినాక వెన్ను మీద తిప్పి ఇంకోవైపు పడుకోబెట్టి లాగాలి. రాయి అయినాక తోలుపట్టీ. అక్కడ అంతా తిరగబడుతుంది. వెన్ను ముందు పోవాలి, అంచు వెనక రావాలి. పట్టీ బిగువుగా ఉండాలి. వదులైతే అంచు గుండ్రమై, నూరిందంతా వృథా. ముప్పైసార్లు అటూఇటూ. నేను ఎనిమిదో తొమ్మిదో సారికి తిప్పడం మరచిపోయి అంచు ముందుకు నెట్టినాను. పట్టీ మీద గోరంత తోలు లేచింది. వాళ్ళ నాయన నాటి పట్టీ అది. మామ ఏమీ అనలేదు. లేచిన తోలును బొటనవేలితో అణచి, "మళ్ళా" అన్నాడు.

ట్రైనింగ్‌లో మాకు సైకాలజీ పేపరు ఉండేది. థారన్‌డైక్ పిల్లిని పెట్టెలో పెట్టి చేసిన ప్రయోగం, యత్నదోష అభ్యసనం, మూడు నియమాలు, అన్నీ బట్టీ పట్టి రాసినాను. తప్పులు చేస్తా చేస్తా నేర్చుకుంటారని పిల్లల తల్లిదండ్రులకు నేనే చెప్తాను. ఈ కత్తి దగ్గర ఆ పాఠం పనికిరాదు. నాయనకు రక్తం పలచబడే మాత్రలు ఇచ్చినారు. చిన్న గాయమైనా రక్తం తొందరగా ఆగదని డాక్టరు చెప్పి పంపినాడు. పైగా కుడిచెంప మొద్దుబారి ఉంది. కోసినా ఆయనకు తెలీదు. ఇక్కడ దోషం చేసే అవకాశం లేదు, యత్నం ఒక్కటే ఉంది.

ఆ మాట మామకు చెప్తే, ఆయన కొడుకును పిలిచి బుడగలు తెమ్మన్నాడు. మా బడిలో ఆగస్టు 15కు కట్టగా మిగిలిన బుడగలు ఉన్నాయి, నేనే తెచ్చినాను. ఊది, నురగ పూసి, నురగను కత్తితో తీయాలి, బుడగ పగలకూడదు. మంగళవారం మనిషి మీద కత్తి పెట్టగూడదు, బుడగ మీద పెట్టొచ్చు అని మామ నవ్వినాడు. మొదటిరోజు ఐదు పగిలినాయి. నురగంతా నా కళ్ళద్దాల మీద. రెండోవారం రెండు పగిలినాయి. మూడోవారం ఒకటి కూడా పగల్లేదు గాని నురగ సగం అట్లే ఉండిపోయింది.

పట్టుకోవడమే ఒక చదువు. కత్తి మెడ మీద మూడువేళ్ళు, కింద బొటనవేలు, వెనక తోక మీద చిటికెనవేలు. కత్తి చెంపకు అంటుకొని పడుకుంటే వెంట్రుకను తెంపదు, పీకుతుంది. నిలబడితే చర్మంలోకి దిగుతుంది. వెన్నుకూ చెంపకూ మధ్య కత్తి వెన్ను మందానికి రెండింతల సందు ఉండాలంటాడు మామ. ఇంటికిపోయి నా కోణమానిని పెట్టి చూసినాను, దాదాపు ముప్పై డిగ్రీలు. మామకు చెప్తే, "మీకు లెక్క గావాల, మాకు చెయ్యి గావాల" అన్నాడు. అన్నిటికంటే పెద్ద తప్పు కత్తిని దాని పొడవు వెంబడి పక్కకు జార్చడం. టమాటా మీద కత్తి ఊరికే ఆనిస్తే తెగదు, కొంచెం పక్కకు లాగితే తెగుతుంది. చర్మమూ అంతే. నాయన పెండ్లిలో మేనమామ చేసిన తప్పు అదే అయి ఉంటుంది.

మామ ఎప్పుడూ పూర్తి కత్తి వాడడం మానేసి ముప్పై ఏళ్ళయింది. ఎయిడ్స్ గురించి ఊరూరా ప్రచారం చేసిన రోజుల్లో అందరూ సగం బ్లేడుకు మారినారు, మనిషికొక బ్లేడు, చేసి పారేయడం. అది మంచిదే, ఎన్ని ప్రాణాలు కాపాడిందో. ఆయన కొడుకులకు సాన పట్టడం రాదు. మామ తన విద్యను నాకు చెప్పేటప్పుడు వాళ్ళు కూడా పక్కన నిలబడి చూసేవాళ్ళు. చిన్నోడు ఫోన్‌లో వీడియో తీసినాడు.

తర్వాత నా మొగం మీద. మొదటి పదిరోజులు రెండు చెంపలే, మిగతాది ప్లాస్టిక్ రేజర్‌తో. చెంప చదునుగా ఉంటుంది, కత్తికి దారి దొరుకుతుంది. గదవ, పైపెదవి చివర్లో. ఎడమచెంప చేసేటప్పుడు నా చెయ్యి నాకే అడ్డం వచ్చి అద్దంలో మొగం కనపడేది కాదు. ఒకరోజు గదవ కింద చీరుకొని, పటిక అద్దుకొని బడికి పోయినాను. మూడో తరగతి పిల్ల ఒకటి లేచి, "సారుకు పిల్లి గీరింది" అనింది. థారన్‌డైక్ పిల్లే అనుకున్నాను.

నీళ్ళ సంగతి మామ చెప్పకపోయినా నాకే తెలిసొచ్చింది. మా బోరునీళ్ళతో నురగ రాదు. సబ్బు విరిగి, తెల్లగా తెట్టు కట్టి, చెంప మీద ఆరిపోతుంది. ఆరిన నురగ మీద కత్తి పోతే మంట. కఠినజలం, మృదుజలం అని పాఠం చెప్తాం గదా, ఆ పాఠం ఇది. అనంతపురం జిల్లాలో ఎంత లోతుకు బోరు దించితే నీళ్ళు అంత గట్టిగా వస్తున్నాయి. మంచినీళ్ళ క్యాను తెచ్చి వేడి చేసుకుంటే నురగ నిలబడింది. నాయనకు చెప్తే ఆయన వెంటనే, "చెలమనీళ్ళు" అన్నాడు. ఇసుక తోడి, ఊరిన నీళ్ళను దోసిట్లో తీసుకుంటే వేలెడు సబ్బుముక్కకే గిన్నెడు నురగ వచ్చేదంట. ఇప్పుడు ఆ వంకలో ఇసుక లేదు, చెలమ ఎక్కడ తీయాలి.

నెల దాటినాక మామ అడిగినాడు. "అయ్యవారా, నేనే వస్తా. మీ నాయనకు నేను చేస్తా. మీకెందుకీ తిప్పలు." కొంచెం ఆగి, "మా నాయన చేయలేకపాయె" అన్నాడు.

ఆ మాట మోసుకొని ఇంటికి పోయినాను. నాకు లోపల సంతోషంగా ఉంది. చెయ్యి తిరిగినోడు చేస్తాడు, నా భయం తీరుతుంది. అంతకంటే, ఇది జరగాల్సిన పని అనిపించింది. నాయనకు చెప్పినాను. అప్పటికి మాట కొంచెం తేరుకుంది. ఆయన పైకప్పు చూస్తా ఉండిపోయినాడు. కళ్ళల్లో ఏమీ కనపడలేదు.

"రమ్మను" అన్నాడు. "కూసోని మాట్లాడిపోతాడు. టీ తాపు. గడ్డం మాత్రం నువ్వే గీకాల."

ఎందుకు నాయనా అన్నాను.

"వాళ్ళ నాయన నాకు కత్తి ఇచ్చినాడు. ఇంగేమి ఈయాల?"

ఆదివారం పొద్దున మామ వచ్చినాడు. చేతిలో తోలుపట్టీ, సంచిలో పటిక ముక్క. నాయన మంచం పక్కన కుర్చీ వేసినాను. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకే ఊరోళ్ళు, ఒకే వంక నీళ్ళు తాగినోళ్ళు. ఊరిలో ఎవరు చచ్చిపోయినారు, ఎవరు బెంగళూరు పోయినారు, చెరువు ఎన్నేళ్ళకు నిండింది, ఇవే మాట్లాడుకున్నారు. ఆ మూడు రాత్రుల సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

నేను వేడినీళ్ళలో టవల్ ముంచి, పిండి, నాయన మొగం మీద కప్పినాను. కింద ఆయన ఊపిరి ఆడుతుంటే గుడ్డ లేస్తా పడతా ఉంది. రెండుసార్లు కప్పినాక బ్రష్‌తో నురగ పూసినాను. తల కింద రెండు దిండ్లు, గొంతు చుట్టూ గుడ్డ. కత్తి తెరిచినాను. మామ నన్ను చూడకుండా గోడ వైపు చూస్తా కూర్చున్నాడు, నాకు చెయ్యి వణక్కూడదని.

ఎడమచెంప బాగానే వచ్చింది. మచ్చ దగ్గర ఆగినాను. అక్కడ చర్మం గట్టు మాదిరి ఉబ్బి ఉంటుంది. కత్తి అంచు దానికి తగిలితే తెగుతుంది. మచ్చకు పైన ఆపి, ఎత్తి, కింద మళ్ళీ మొదలుపెట్టాలి. ఇన్నేళ్ళు నాయన అద్దంలో చూసుకుంటా అట్లే ఎత్తి దించేవాడు. నేను చిన్నప్పుడు చూసి, ఆయన చెయ్యి అక్కడ ఎందుకు ఎగురుతుందో తెలీక, అదొక అలవాటనుకున్నాను.

కుడిచెంపకు వచ్చేసరికి చిక్కొచ్చింది. పళ్ళు లేక చెంప లోపలికి పోయి ఉంది. గుంటలో కత్తి ఆనదు. మామూలుగా ముసలోళ్ళను చెంప ఉబ్బించమంటారు. నాయన ఉబ్బిస్తే గాలి పడిపోయిన పెదవి సందులో నుంచి పోతా ఉంది. రెండుసార్లు ప్రయత్నం చేసి, సిగ్గుపడి మానుకున్నాడు. మామ గోడ వైపే చూస్తా, "వేలు" అన్నాడు. "లోపల వేలు పెట్టు. ఎత్తి పట్టు."

చెయ్యి సబ్బుతో కడుక్కొని, ఎడమచేతి చూపుడువేలు నాయన నోట్లో పెట్టినాను. చిగుళ్ళు మెత్తగా, వేడిగా ఉన్నాయి. లోపల నుంచి చెంపను ఎత్తితే పైన చర్మం బిగుసుకుంది. కత్తిని నురగ మీద ఆనించినాను. ఆ పలచటి చర్మానికి ఒకవైపు నా వేలు, ఇంకోవైపు కత్తి. వేలికి కత్తి నడక తెలుస్తా ఉంది. నెట్టడానికి భయపడి కత్తి ఊరికే ఆనించి ఉంటే, నాయన వేలు నోట్లో ఉండగానే ఏదో అన్నాడు. అర్థం కాలేదు. వేలు తీసినాను.

"బరికె చీల్చినట్ల" అన్నాడు.

ఈతబరికె చీల్చేటప్పుడు కత్తిని నెట్టరు. కత్తి పట్టుకున్న చెయ్యి కదలదు, బరికెను లాగుతారు. నెడితే బరికె సగంలో పక్కకు విరుగుతుంది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో రోజంతా చేసిన పనే అది. వేళ్ళు చీరుకుపోయి, ఈ పని నాకొద్దు, చదువుకుంటానని ఏడ్చిన పని. మళ్ళీ వేలు పెట్టి, ఈసారి చెంపను వెనక్కి బిగలాగి, కత్తిని దాని బరువుకే వదిలినాను. సర్‌మని చిన్న చప్పుడు. మామ ఇప్పుడు ఇటు తిరిగినాడు.

ముప్పావుగంట పట్టింది. మామకైతే పదినిమిషాల పని. పైపెదవి మీద మీసం జోలికి పోవద్దని నాయన ముందే చెప్పినాడు, పోలేదు. ఒక్కచోట కూడా రక్తం రాలేదు. తడిగుడ్డతో తుడిచి, పటిక రుద్ది, కత్తిని ఆరబెట్టి ఆముదం పూసినాను. నా చొక్కా వీపు తడిసిపోయింది. మా ఆవిడ టీ తెచ్చింది. మామ ఆ గ్లాసు తీసుకొని మొదటి గుక్క తాగేదాకా నాయన కళ్ళు దాని మీదే ఉన్నాయి.

మామ అన్నాడు, "ఇంగొకసారి కింద నుంచి పైకి ఎదురు గీస్తే నున్నగా వస్తుంది."

"ఎదురు వొద్దు" అన్నాడు నాయన. "మీ నాయన వొద్దని చెప్పినాడు."

"మా నాయన ఎప్పుడు చెప్పినాడు? ఆయన ఎదురు గీసేవాడే."

"నాకు వొద్దనే చెప్పినాడు."

"నీకు రాదని చెప్పుంటాడు."

నాయన నవ్వినాడు. ఒకవైపే నవ్వొచ్చింది. ఇద్దరూ చాలాసేపు దాని మీద వాదించుకున్నారు. నేను గుడ్డలు ఉతికి ఆరేసి వచ్చేసరికి కూడా అదే మాట. నాయన ఎడమచెయ్యి ఎత్తి, వేళ్ళ వెనకవైపుతో చెంప మీద కింద నుంచి పైకి మెల్లగా రుద్దుకుంటా, గదవ కింద ఒకచోట ఆపినాడు.

"ఈడ మిగిలింది" అన్నాడు.

మామ వంగి చూసి, అవునన్నాడు. నేను మళ్ళీ నీళ్ళు వేడి చేయడానికి లేచినాను.